పెట్టుబడి ఎవరిది? – పిల్లల చిరువ్యాపార కథలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

సొంతంగా చదవడం అప్పుడప్పుడే మొదలుపెట్టిన పిల్లల కోసం చిన్న చిన్న అధ్యాయాలుగా రాసే పుస్తకాలలో, పిల్లలే ఒక చిరువ్యాపారం ప్రారంభించే ఇతివృత్తం ఆంగ్ల బాలసాహిత్యంలో బాగా ప్రచారం పొందింది. తెలుగులో అది విడి శాఖగా స్థిరపడలేదు. అయితే దానికి పునాది కాగల కథాసామగ్రి కథాసరిత్సాగరంలోనూ, జాతకాలలోనూ, మౌఖిక కథలలోనూ ఉంది. ఈ రెండు సంప్రదాయాలను పక్కపక్కన ఉంచి, జనగామ జిల్లా జఫర్‌గఢ్ వంటి ప్రాంతపు బాలపాఠకుల అనుభవం దృష్ట్యా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కథ తన లెక్కలో చూపని పెట్టుబడి ఏది, అది ఎవరిది అన్న ప్రశ్నే ఈ రకం కథలకు గీటురాయి అని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బాలసాహిత్యం, అధ్యాయ పుస్తకం, చిరువ్యాపారం, బాలకార్మికత, మూషిక వర్తకుడు, కొసరు, జఫర్‌గఢ్.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ ప్రభుత్వం 2022లో ‘తొలిమెట్టు’ కార్యక్రమాన్ని ప్రారంభించిన తరువాత ప్రాథమిక తరగతుల పిల్లల పఠన సామర్థ్యం గురించిన చర్చ బడి గోడలు దాటి వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని చదివే దశ దాటిన పిల్లవాడి చేతికి తరువాత ఏ పుస్తకం ఇవ్వాలన్నది ఆ చర్చలో సహజంగా తలెత్తే ప్రశ్న. పది పన్నెండు వాక్యాల బొమ్మల పుస్తకం వాడికి చాలదు. నూరు పుటల నవల వాడికి భారం. ఈ రెండింటి మధ్య వారధిగా నిలిచేదే తొలి అధ్యాయ పుస్తకం.

ఏడు నుంచి పది సంవత్సరాల వయసు పిల్లల కోసం, అయిదారు నుంచి పది పన్నెండు చిన్న అధ్యాయాలుగా, అక్కడక్కడా బొమ్మలతో, ఒకే పాత్ర చుట్టూ తిరిగే కథగా ఈ పుస్తకం ఉంటుంది. ఒక్కో అధ్యాయం ఒక్క కూర్చునికి పూర్తవుతుంది. అధ్యాయం ముగిసే చోట తరువాతి అధ్యాయం మీద ఆసక్తి మొదలవుతుంది. తెలుగులో పిల్లల కథ ప్రధానంగా పత్రికల ద్వారా ఎదిగింది. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ నుంచి 1990లో వచ్చిన ‘బాలచెలిమి’ దాకా చిన్న కథ, ధారావాహిక మన పిల్లలకు అలవాటైన రూపాలు. అధ్యాయ పుస్తకం వాటితో పోలిస్తే కొత్తది. 2015లో మొదలైన ‘స్టోరీవీవర్’ వంటి అంతర్జాల వేదికలు పఠన స్థాయిలవారీగా తెలుగు కథలు అందిస్తున్నాయి గనుక, ఈ రూపంలో రాబోయే రచనలకు నేల సిద్ధమవుతున్నదనే భావించవచ్చు.

ఆ రచనల్లోకి రాగల ఇతివృత్తాలలో పిల్లల చిరువ్యాపారం ఒకటి. కూడికలు, తీసివేతలు, మాటకారితనం, స్నేహం, పోటీ అన్నీ ఇమిడిపోయే కథావస్తువు కనుక ఉపాధ్యాయులకూ ప్రచురణకర్తలకూ అది ఆకర్షణీయంగా కనిపించడం సహజం. కానీ పిల్లలు సంపాదించడమనే మాట తెలుగు నేల మీద నిరపాయమైన మాట కాదు. అందుకే ఈ ఇతివృత్తాన్ని స్వీకరించే ముందు దాని నిర్మాణాన్ని విప్పి చూడవలసి ఉంది.

2. ఆంగ్ల అధ్యాయ కథల్లో చిరువ్యాపారం

అమెరికన్ రచయిత్రి బెవర్లీ క్లియరీ 1950లో ప్రచురించిన ‘హెన్రీ హగ్గిన్స్’ ఈ ఇతివృత్తానికి మంచి ఉదాహరణ. అందులో హెన్రీ ఒక అధ్యాయంలో జత గప్పీ చేపలు కొంటాడు. అవి పిల్లలను పెడుతూ పోతాయి. సీసాలు నిండుతాయి. చివరికి వాటిని తిరిగి పెంపుడు జంతువుల దుకాణానికే ఇచ్చేస్తాడు. మరొక అధ్యాయంలో స్నేహితుడి బంతిని పోగొట్టి, దాని ఖరీదు తీర్చడానికి రాత్రిపూట గడ్డిలో వానపాములు ఏరుతాడు. చేపలు పట్టేవారికి అమ్మే ఆ వానపాము ఒక్కింటికి వెల ఒక సెంటు. బంతి ఖరీదు పదమూడు డాలర్ల పైచిలుకు. ఏరవలసిన వానపాములు ఎన్నో పిల్లవాడు వేళ్ల మీద లెక్కించుకోగలడు. ఆ అంకె పెద్దదిగా ఉండడమే కథకు హాస్యమూ ఉత్కంఠా ఇస్తుంది.

జీన్ మెరిల్ 1972లో రాసిన ‘ది టూత్‌పేస్ట్ మిలియనీర్’లో రూఫస్ అనే నల్లజాతి బాలుడు దుకాణంలో పళ్లపొడి ముద్ద ధర చూసి ఆశ్చర్యపోతాడు. దాని తయారీకి నిజంగా ఎంత ఖర్చవుతుందో లెక్కగడతాడు. జాక్వెలిన్ డేవిస్ 2007లో రాసిన ‘ది లెమనేడ్ వార్’లో అన్నాచెల్లెళ్లయిన ఎవాన్, జెస్సీ నిమ్మరసం అమ్మి అయిదు రోజుల్లో నూరు డాలర్లు ఎవరు సంపాదిస్తారన్న పందానికి దిగుతారు. ప్రతి అధ్యాయం ఒక వ్యాపార పదానికి నిర్వచనంతో మొదలవుతుంది. చివరి రెండూ తొలి పాఠకుల కన్నా కాస్త పెద్ద పిల్లలకు ఉద్దేశించినవి. అయినా ఈ ఇతివృత్తపు వ్యాకరణాన్ని అవి స్పష్టంగా చూపుతాయి.

ఆ వ్యాకరణంలో మూడు సూత్రాలున్నాయి. మొదటిది, సంపాదనకు కారణం కోరిక గానీ పందెం గానీ మాటనిలుపుకోవడం గానీ అవుతుంది. ఆకలి కారణం కాదు. రెండవది, పిల్లవాడు ఎప్పుడైనా ఆ పని మానేయగలడు. మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగని స్థితి రాదు. మూడవది, పెట్టుబడిలో అధికభాగం ఇంటి నుంచి వస్తుంది, కానీ లెక్కలోకి రాదు. హెన్రీ గప్పీలను ఉంచిన సీసాలు తల్లి పండ్లు నిలవ చేసుకునేవి. ఆమెకు వాటి అవసరం వచ్చినప్పుడే పిల్లవాడి వ్యాపారానికి చిక్కు వస్తుంది. వానపాముల లెక్క చివరికి తేలడానికి తల్లిదండ్రులు కూడా గడ్డిలోకి దిగవలసి వస్తుంది. క్లియరీ గొప్పతనం ఇక్కడే ఉంది. ఇంటి పెట్టుబడిని ఆమె దాచలేదు. అదే హాస్యానికి ఆధారమైంది. ఆమె తరువాత వచ్చిన అనుకరణల్లో ఈ భాగం తరచుగా మాయమై, పిల్లవాడి చొరవ మాత్రమే మిగులుతుంది.

3. చచ్చిన ఎలుక: అసలు మూలధనం

చొరవ ఒక్కటే పెట్టుబడిగా ధనవంతుడైన కుర్రవాడి కథ భారతీయ సాహిత్యంలో చాలా ప్రాచీనం. 11వ శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో, మొదటి లంబకంలో, గుణాఢ్యుడి వృత్తాంతంలో అంతర్భాగంగా మూషిక వర్తకుడి కథ వస్తుంది. శాతవాహనుడి నగరానికి వచ్చిన గుణాఢ్యుడి చెవిన పడిన వర్తకుల సంభాషణగా కథకుడు దాన్ని చెబుతాడు. శాతవాహనులతో ముడిపడిన కథ కనుక తెలుగు పాఠకులకు అది పరాయిది కాదు.

కథ తెలిసిందే. విశాఖిలుడనే సంపన్న వర్తకుడు ఒక యువకుణ్ణి మందలిస్తూ, నేల మీద పడి ఉన్న చచ్చిన ఎలుకను చూపి, నేర్పున్నవాడికి అదైనా పెట్టుబడేనంటాడు. అప్పుడే అక్కడికి వచ్చిన పేద కుర్రవాడు ఆ ఎలుకను అప్పుగా స్వీకరించి, పత్రం రాసి ఇచ్చి తీసుకుపోతాడు. పిల్లి కోసం దాన్ని కొన్న వర్తకుడు రెండు దోసిళ్ల శనగలిస్తాడు. శనగలు దంచి, కడవతో నీళ్లు తీసుకుని ఊరి బయటి కూడలిలో నీడన నిలబడి, అలసి వచ్చే కట్టెలవాళ్లకు ఆదరంగా అందిస్తాడు. వాళ్లు తలా రెండు కట్టెలిస్తారు. అవి అమ్మి మళ్లీ శనగలు కొంటాడు. కొంత పోగయ్యాక మూడు రోజుల కట్టెలు మొత్తం కొంటాడు. ముసురు పట్టి కట్టెలకు కరువొస్తుంది. నిలవ చేసిన కట్టెలు మంచి ధర పలుకుతాయి. దుకాణం వెలుస్తుంది. చివరికి బంగారు ఎలుక చేయించి విశాఖిలుడి అప్పు తీరుస్తాడు.

అధ్యాయ పుస్తకానికి ఇంతకన్నా అనువైన అస్థిపంజరం దొరకదు. ఎలుక, శనగలు, కట్టెలు, వాన, బంగారం అంటూ ఒక్కో మార్పిడి ఒక్కో అధ్యాయమవుతుంది. అయితే పిల్లలకు తిరిగి చెప్పేటప్పుడు సాధారణంగా వదిలేసే భాగమే ఈ కథలో కీలకం. ఆ కుర్రవాడు పుట్టకముందే తండ్రి పోయాడు. జ్ఞాతులు ఆస్తి కాజేశారు. తల్లి ఇళ్లలో చాకిరీ చేసి పెంచింది. ఒక గురువును బతిమాలి రాతా లెక్కా నేర్పించింది. ఆ తరువాతే, మంచి వంశంలో పుట్టిన పేదలకు విశాఖిలుడు మూలధనం ఇస్తాడని చెప్పి అతని దగ్గరకు పంపింది.

కనుక ఎలుక కంటే ముందే పెట్టుబడి ఉంది. తల్లి శ్రమ ఒకటి, ఆమె సంపాదించి ఇచ్చిన అక్షరజ్ఞానం రెండవది, వర్తకకులంలో పుట్టుక మూడవది. పత్రం రాయగలగడం రెండవదాని ఫలం. ఆ పత్రాన్ని విశాఖిలుడు నమ్మడం మూడవదాని ఫలం. కుర్రవాడు ఎలుక అప్పు తీర్చాడు. తల్లి అప్పును కథ లెక్కలోకి తీసుకోలేదు. బంగారు ఎలుక వర్తకుడి ఇంటికి వెళ్లింది, ఆ ఇంటి పిల్ల కుర్రవాడి ఇంటికి వచ్చింది.

బౌద్ధ జాతకాల్లో నాల్గవదైన చుల్లకసెట్ఠి జాతకం ఇదే కథకు మరో రూపం. అక్కడా కథానాయకుడు చితికిపోయిన మంచి కుటుంబానికి చెందినవాడే. అతని వ్యాపారంలో ఒక మెట్టు దగ్గర నిజంగా పిల్లలు కనిపిస్తారు. గాలివానకు రాజోద్యానంలో రాలిన కొమ్మలూ ఆకులూ ఎత్తివేయవలసి వస్తుంది. అతడు ఆడుకునే పిల్లలున్న చోటికి వెళ్లి, బెల్లం ఆశ చూపి, వాళ్ల చేత వాటన్నింటినీ కుప్ప వేయిస్తాడు. ఆ కుప్పను రాజుగారి కుమ్మరి కొంటాడు. కుమ్మరి ఇచ్చిన నాణేలు కథానాయకుడివి, బెల్లం పిల్లలది. బాల్యమూ వ్యాపారమూ కలిసిన మన ప్రాచీన కథలో పిల్లలు యజమానులు కారు, కూలీలు. ఆ పిల్లల వైపు నుంచి కథ చెబితే ఏమవుతుందన్నది ఈనాటి బాలసాహిత్య రచయిత వేసుకోదగిన ప్రశ్న.

4. కోతి బేరం, కృష్ణుడి దోసిలి

తెలుగు పల్లెల్లో ఊరూరికీ రూపం మార్చుకుంటూ చెప్పుకునే కోతి కథ కూడా మార్పిడుల గొలుసే. తోకలో ముల్లు తీయించుకోబోయి తోక పోగొట్టుకున్న కోతి, తోకకు బదులు కత్తి పుచ్చుకుంటుంది. కత్తి విరిగితే కట్టెలు, కట్టెలు కాలిపోతే పిండివంటలు, అవి అయిపోతే డోలు. ప్రతి మజిలీలోనూ కోతి ముందు ఉదారంగా ఇస్తుంది, తరువాత పోయినదాన్ని తెచ్చి ఇమ్మని మొండికేస్తుంది. చివరికి డోలు వాయిస్తూ తన లాభనష్టాల జాబితా పాడుకుంటుంది. మూషిక వర్తకుడు ప్రతి మార్పిడిలో ఏదో ఒక సేవ చేర్చాడు. కోతి ఏమీ చేర్చదు. అవతలివాడి ఇరకాటమే దాని ఆదాయం. పిల్లలు నవ్వుతూనే ఆ తేడాను పసిగడతారు. నీతివాక్యం చేర్చకుండానే న్యాయమైన బేరానికీ అన్యాయమైన బేరానికీ మధ్య గీత గీసిన కథ ఇది.

మూడవ నమూనా భాగవతంలోనిది. జఫర్‌గఢ్‌కు పొరుగున ఉన్న పాలకుర్తి మండలంలోని బమ్మెరను పోతన ఊరుగా అక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ పోతన తెలుగు చేసిన భాగవతానికి మూలమైన సంస్కృత గ్రంథంలో, దశమ స్కంధంలో, పండ్లు అమ్ముకునే స్త్రీ ఘట్టం ఉంది. పండ్లమ్మే కేక విని బాలకృష్ణుడు దోసిట్లో ధాన్యం పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. దారిలోనే గింజలు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. మిగిలిన ఆ కాస్తకే ఆమె పిల్లవాడి చేతులు నిండా పండ్లు పోస్తుంది. ఆమె గంప రత్నాలతో నిండిందని కథ.

ఫలశ్రుతిని పక్కన పెట్టి ఘట్టాన్ని మాత్రం చూస్తే, పిల్లవాడి తొలి బేరానికి ఇంతకన్నా సహజమైన చిత్రణ అరుదు. పెద్దలు ధాన్యం ఇచ్చి పండ్లు తీసుకోవడం వాడు చూశాడు. ఇవ్వాలని తెలుసు, ఎంత ఇవ్వాలో తెలియదు. వెల సరిపోలేదని అమ్మే మనిషికి తెలుసు. అయినా ఇచ్చింది. తెలుగు అంగడిలో దీనికి పేరుంది: కొసరు. తూకం పూర్తయ్యాక మరో గుప్పెడు వేసే ఆచారం. లాభనష్టాల లెక్కలో కొసరుకు పద్దు లేదు, కానీ మళ్లీ అదే బండి దగ్గరకు వెళ్లేలా చేసేది అదే. ఉద్దెర, గిరాకి, బోణీ, చిల్లర, కొసరు అన్న మాటల వెనుక ఉన్న సంబంధాలను కథగా మలచగల అవకాశం తెలుగు రచయితకే ఉంది.

5. నిమ్మరసమా, చలివేంద్రమా? – అనుసరణలో చిక్కు

అనువాదకుడికి మొదట తట్టే మార్గం నిమ్మరసాన్ని మజ్జిగగానో, నిమ్మసోడాగానో మార్చి, ఇంటి ముందరి పచ్చికను వాకిలిగా మార్చడం. ఇక్కడ ఒక సాంస్కృతికమైన అడ్డంకి ఎదురవుతుంది. తెలంగాణ పల్లెల్లో, పట్టణాల్లో ఎండాకాలం దారిన పోయేవారి దాహం తీర్చడానికి చలివేంద్రాలు పెడతారు. పందిరి కింద కుండల్లో నీళ్లు, కొన్ని చోట్ల మజ్జిగ, అన్నీ ఉచితం. ఇంటి వాకిట్లోకి వచ్చి నీళ్లడిగినవారికి వెల కట్టడం అమర్యాద. సోడా బండి వేరు, వాకిలి వేరు. ఒకటి అంగడి, మరొకటి ఇల్లు. ఇంటి గడపలో చిన్నపిల్ల దాహానికి వెల కట్టిందంటే ఈ ప్రాంతపు పాఠకుడికి ఆమె తెలివి కంటే ముందు ఇంటివాళ్ల లోభం కనిపిస్తుంది.

మూషిక వర్తకుడి కథ ఈ చిక్కును ఏనాడో దాటింది. కూడలిలో అతడు నీళ్లకు వెల అడగలేదు. ఆదరంగా ఇచ్చాడు. కట్టెలవాళ్లు తమ ఇష్టంతో తలా రెండు కట్టెలిచ్చారు. అది పూర్తిగా దానమూ కాదు, పూర్తిగా అమ్మకమూ కాదు. ఈ సందిగ్ధంలోనే కథాబలం ఉంది. అతని ఆదరం నిజమా, ఉపాయమా అని పిల్లలను అడిగితే తరగతి గది రెండుగా చీలిపోతుంది. మంచి అధ్యాయ పుస్తకం చేయవలసిన పని అదే.

అనుసరణలో మరో చిక్కు కులానికి సంబంధించినది. ఊళ్లో దుకాణం నడపడం చాలాకాలం కొన్ని కులాల వృత్తిగా ఉండేది. మిగిలిన కులాల పిల్లలకు పని వారసత్వంగా వచ్చేది, ఎంపికగా వచ్చేది కాదు. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే ఇళ్లలోని పిల్లలు సుత్తి చప్పుడు వింటూనే పెరుగుతారు. వారు పని నేర్చుకోవడాన్ని వ్యాపార ప్రారంభమని అనలేం. అలాగే దుకాణం ఎన్నడూ లేని ఇంటి పిల్ల మొదటిసారి తక్కెడ పట్టుకుంటే అది ఆటగా మాత్రమే మిగలదు. ఊరి దృష్టిలో అది ఒక హద్దు దాటడం. ‘ప్రారంభించడం’ అనే క్రియ ఏ ఇంటి పిల్లకు ఎంత బరువుగా ఉంటుందో గమనించని కథ పైపై కథగానే ఉండిపోతుంది.

6. సంపాదన, శ్రమ, బడి

పిల్లల చేత సరుకు తయారు చేయించి అమ్మడం విద్యలో భాగం కావచ్చునా అన్న వాదం మన దేశంలో 1937లోనే సాగింది. ఆ ఏడాది అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ చేతిపని కేంద్రంగా సాగే ప్రాథమిక విద్యను ప్రతిపాదించారు. పిల్లల ఉత్పత్తుల విక్రయంతో బడి ఖర్చులు వెళ్లవచ్చునన్నది అందులో భాగం. కె.టి. షా వంటివారు ఈ స్వయంపోషకత్వాన్ని వ్యతిరేకించారు. పథకాన్ని రూపొందించిన జాకీర్ హుస్సేన్ కమిటీ సైతం, ఆర్థిక ప్రయోజనం మీద దృష్టి పెరిగి విద్యాప్రయోజనం మరుగున పడే ప్రమాదాన్ని తన నివేదికలో హెచ్చరించింది. పిల్లల చిరువ్యాపార కథకు కూడా ఈ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు మరింత పదునైన చరిత్ర ఉంది. శాంతా సిన్హా నేతృత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పని నుంచి బడికి మళ్లించే ఉద్యమం నడిపింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుల కిందే లెక్క అన్నది ఆ ఉద్యమం రాజీపడని సూత్రం. ఆమెకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను అన్ని వృత్తుల్లోనూ పనికి పెట్టుకోవడాన్ని నిషేధించింది. అయితే ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో, బడి వేళలు ముగిశాక గానీ సెలవుల్లో గానీ సహాయపడడానికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు వాస్తవంలో ఆడపిల్లల శ్రమను మరింత కనిపించకుండా చేస్తుందన్నది విమర్శకుల వాదన.

ఈ నేపథ్యంలో బాలసాహిత్యానికి రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, పిల్లల శ్రమను చొరవగా కీర్తించడం. రెండవది, పని చేసే పిల్లలను కేవలం దయనీయులుగా చూపడం. మొదటిది అన్యాయాన్ని అందంగా మారుస్తుంది. రెండవది ఆ పిల్లల నేర్పును తుడిచేస్తుంది. హైదరాబాదులోని ‘అన్వేషి’ పరిశోధన కేంద్రం 2008లో తెలుగు, మలయాళం, ఆంగ్ల భాషల్లో వెలువరించిన బాలల కథామాల ఈ రెండు ఉచ్చులనూ తప్పించుకునే ప్రయత్నం చేసింది. అందులో గోగు శ్యామల రాసిన కథలో తెల్లవారకముందే పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లే దళిత బాలిక కనిపిస్తుంది. ఆమె పని కథకు నేపథ్యం, ఆమె ధైర్యం కథకు ఇరుసు. పనిని పొగడకుండా, పిల్లను తగ్గించకుండా రాయవచ్చునని ఆ కథ నిరూపించింది. చిరువ్యాపార ఇతివృత్తానికి రావలసిన ఒరవడి కూడా అదే.

7. జఫర్‌గఢ్ నుంచి చదివితే

2016లో వరంగల్ జిల్లా నుంచి విడివడి జనగామ జిల్లాలో చేరిన జఫర్‌గఢ్ కోట, గుట్టలు, చెరువులు, మెట్టపొలాలు ఉన్న మండలం. ఇక్కడి బడిలో మూడో తరగతి చదివే పిల్ల చేతిలో చిరువ్యాపార అధ్యాయ పుస్తకం పెడితే ఆమె దాన్ని దేనితో పోల్చుకుంటుంది?

ఆమెకు అంగడి కొత్త కాదు. గుట్టల మీద సీతాఫలాలు కళ్లు తెరిచే కాలం ఆమెకు తెలుసు. పండు మాగిన మరునాటికే మెత్తబడి పోతుందనీ, అందుకే దోరగా ఉండగానే గంపకెత్తాలనీ తెలుసు. బతుకమ్మ రోజుల్లో ఒడ్ల మీద పూసే తంగేడుకు, చేలల్లో తెల్లగా నిలిచే గునుగుకు ఊళ్లో వెల లేదు. ఎవరికి కావలసినంత వారు కోసుకుంటారు, ఇరుగుపొరుగుకూ ఇస్తారు. అవే పూలు హనుమకొండ చౌరస్తాలో కట్టల లెక్కన అమ్ముడవుతాయి. ఒకే పువ్వు ఊళ్లో కానుక, పట్నంలో సరుకు. ఆ రెండింటి మధ్య ఉన్నవి తెల్లవారుజాము కోత, బస్సు చార్జీ, సాయంత్రానికి వాడిపోయే గుణం. వెల ఎలా పుడుతుందన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇతర జిల్లాల పిల్లలకూ ఇలాంటి లెక్కలున్నాయి. భూపాలపల్లి అటవీ ప్రాంతంలో ఎండాకాలం తునికాకు సేకరణ సాగుతుంది. కట్టకు యాభై ఆకులు. ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టేటప్పుడు పిల్లల వేళ్లు కూడా ఆకులు లెక్కబెడతాయి. మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే రోజుల్లో బడి హాజరుపట్టీ పలచబడే ప్రమాదం ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. యాభై వరకు తప్పులేకుండా లెక్కించే పిల్ల గణితంలో వెనుకబడిందని ముద్ర వేయించుకోవడం మన బడుల విషాదాల్లో ఒకటి. ఆమె లెక్క బడికి చేరదు, బడి లెక్క ఆమె కళ్లానికి చేరదు. మంచి చిరువ్యాపార కథ ఈ రెండు లెక్కలకూ మధ్య వంతెన కాగలదు. పాఠశాలల్లో నిర్వహించే మెట్రిక్ మేళాలు, బాలల సంతలు ఆ వంతెనకు ఒక కొస మాత్రమే. అక్కడ సరుకూ చిల్లరా ఇంటి నుంచి వస్తాయి, సాయంత్రానికి ఆట ముగుస్తుంది. ఆట ముగియని ఇళ్ల పిల్లలకు ఆ సంత ఏమి చెబుతుందన్నది కూడా ఆలోచించవలసినదే.

ఇక్కడే ఈ ఇతివృత్తపు అసలు పరీక్ష ఎదురవుతుంది. ఆంగ్ల కథలోని పిల్లవాడు మానేయగలడు. పూలు కోసి పట్నం పంపే ఇంటి పిల్ల మానేయగలదా? పండుగ రోజుల్లో సరదాగా తల్లి వెంట వెళ్లడం ఒకటి, ఆ రాబడి లేకపోతే అప్పువాడు వాకిట్లో నిలబడడం మరొకటి. కథ ఈ రెండింటిలో దేన్ని చెబుతున్నదో తనకు తాను స్పష్టం చేసుకోవాలి. మొదటిదాన్ని చెబుతూ రెండవది లేనట్లు నటిస్తే జఫర్‌గఢ్ పిల్ల ఆ పుస్తకాన్ని నమ్మదు. రెండవదాన్ని చెబుతూ దాన్ని విజయగాథగా ముగిస్తే ఆమె శ్రమకు అన్యాయం జరుగుతుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి పిల్లల చిరువ్యాపార కథను విలువకట్టడానికి మూడు ప్రశ్నలు తేలుతున్నాయి. పెట్టుబడి ఎవరిది? పిల్ల ఆ పని మానేయగలదా? లెక్క ఎవరి చేతిలో ఉంది?

మొదటి ప్రశ్నకు క్లియరీ తల్లి సీసాల ద్వారా నవ్వుతూ జవాబిచ్చింది. సోమదేవుడు జవాబిచ్చాడు గానీ, తిరిగి చెప్పినవారు దాన్ని వదిలేశారు. రెండవ ప్రశ్న దగ్గర అమెరికన్ కథ సులువుగా నెగ్గుతుంది, ఎందుకంటే దాని సమాజం ఆ కథాపాత్రలకు ఆ వెసులుబాటు ముందే ఇచ్చింది. తెలుగు కథకు ఆ వెసులుబాటు లేదు. అందుకే తెలుగు కథ ఆ ప్రశ్నను దాటవేయకుండా ఎదుర్కొంటే మరింత లోతైన సాహిత్యం కాగలదు. మూడవ ప్రశ్నకు జాతకంలోని బెల్లం తిన్న పిల్లలు సాక్షులు. కుప్ప వేసింది వారు, లెక్క చూసుకున్నది మరొకడు. పిల్లకు రాతా లెక్కా వచ్చినప్పుడే వ్యాపారం ఆమెదవుతుంది. అవి రానిచోట ఆమె కూలి మాత్రమే. మూషిక వర్తకుడి తల్లికి ఈ సంగతి తెలుసు. ఆమె కొడుకును ముందు గురువు దగ్గరకు పంపింది, ఆ తరువాతే వర్తకుడి దగ్గరకు పంపింది.

తెలుగులో ఈ ఇతివృత్తంతో అధ్యాయ పుస్తకాలు రావలసిన అవసరం ఉంది. అవి నిమ్మరసం బల్లను తెచ్చి మన వాకిట్లో వేయనక్కరలేదు. వెల లేని తంగేడు పువ్వు వెల పొందే దారి, దారిలో జారిపోయిన గింజలు, తూకం తరువాత వేసిన కొసరు, తల్లి చేసిన చాకిరీకి ఎన్నడూ తెరవని పద్దు మన రచయితల చేతిలో ఇప్పటికే ఉన్న పెట్టుబడి. ఆ పద్దు తెరిచి చూపిన పుస్తకాన్ని జఫర్‌గఢ్ పిల్ల తనదిగా చదువుకుంటుంది.